ఆ ఫొటోలో వెనక నిలబడ్డవాళ్ల పేర్లూ వేయండి

సంపాదకుడు గారికి,

విజయ్ దివస్ వచ్చిందంటే పత్రికలన్నీ ఒకే ఫొటో వేస్తాయి. 1971 డిసెంబర్ 16, ఢాకా రేస్‌కోర్స్ మైదానం. పాకిస్తాన్ తూర్పు సేనాధిపతి నియాజీ లొంగుబాటు పత్రంపై సంతకం పెడుతుంటాడు, పక్కన మన తూర్పు కమాండ్ అధిపతి జగ్‌జీత్ సింగ్ అరోరా. కింద ఆ ఇద్దరి పేర్లే ఉంటాయి, వెనకవాళ్లంతా తమాషా చూడ్డానికి వచ్చినట్టు! వాళ్లలో లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ ఉన్నారు.

ఆయన నడిపిన నాలుగో కోర్‌కు (కొన్ని డివిజన్లు కలిసిన సేనా విభాగం) అప్పగించిన పని మేఘనా నది తూర్పు గట్టు దాకానే. డిసెంబర్ 9న పాకిస్తాన్ సేన ఆ నది మీది ఆశుగంజ్ రైలు వంతెనను పేల్చేసింది. ఇంకొకరైతే ‘పని అయిపోయింది’ అని రిపోర్టు పంపి కూర్చునేవారు. సగత్ మాత్రం హెలికాప్టర్‌లో తిరిగి అవతలి గట్టున దిగే చోటు వెతుక్కున్నారు. ఆ తిరుగుళ్లలోనే ఒకసారి కిందినుంచి తూటాలు తగిలి పైలట్ గాయపడ్డాడు. అయినా వెనక్కి తగ్గలేదు. ఎంఐ-4 హెలికాప్టర్లు జవాన్లను రాయ్‌పురాలో దించాయి, చీకట్లో టార్చిలైట్లే వాటికి గుర్తు. మరికొందరు నాటు పడవల్లో దాటారు. అలా ఢాకాకు దారి తెరుచుకుంది.

అంతకుముందూ ఆయన తీరు ఇదే. 1961లో గోవాకు పారా బ్రిగేడ్‌ను నడిపించారు. 1965లో చైనా బెదిరిస్తే సిక్కిం సరిహద్దులో జెలెప్ లా కనుమ ఖాళీ అయింది, పక్కనున్న నాథూ లా కనుమను ఆయన వదల్లేదు. 1967లో అక్కడే చైనా కాల్పులకు ఫిరంగులతో జవాబిచ్చారు.

ఇంత చేస్తే దక్కింది పద్మభూషణ్. ఆర్మీ కమాండర్ పదవి ఇవ్వలేదు, 1976లో లెఫ్టినెంట్ జనరల్‌గానే రిటైరయ్యారు. గీసిన గీత దాటి గెలిచినవాడంటే ఆఫీసులకు గుబులేనని నా అభిప్రాయం.

తెలుగువాళ్లకు ఇంకో సంబంధమూ ఉంది. సగత్ కింద సిల్హెట్ వైపు ఎనిమిదో మౌంటెన్ డివిజన్‌ను నడిపింది మన కె.వి. కృష్ణారావు, 1981లో ఆర్మీ చీఫ్ అయినాయన. ఫొటోలో ఉన్న వైస్ అడ్మిరల్ కృష్ణన్ అప్పట్లో విశాఖలోని తూర్పు నౌకాదళ అధిపతి.

ఈసారి ఆ ఫొటో వేసినప్పుడు సగత్ సింగ్, కృష్ణన్, ఎయిర్ మార్షల్ దివాన్, తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ మేజర్ జనరల్ జాకబ్‌ల పేర్లు కూడా కింద వేయించండి. మహా అయితే ఒక్క లైను ఎక్కువ పడుతుంది.

– ఓ విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, ఏలూరు