అప్పు నవాబుది, కట్టింది రైతు

అయ్యా,

మొన్న రొట్టెల పండుగకి నెల్లూరు చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి మనవడికి ఆర్కాటు నవాబు కథ చెబుతున్నా. "నవాబుకి అంత డబ్బు ఎక్కడిది తాతా?" అన్నాడు. ముప్పయ్యేళ్లు సోషల్ చెప్పినవాణ్ణి, నాకు ఆ నవాబుకి వడ్డీకి అప్పులిచ్చిన తెల్లదొర పాల్ బెన్‌ఫీల్డ్ గుర్తొచ్చాడు. క్లైవ్‌ను అందరూ తిడతారు, ఈ దుర్మార్గుడి పేరే ఎవరూ ఎత్తరు.

1764లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చాడు. జీతం ఏడాదికి కొన్ని వందల పౌండ్లే. 1776 నాటికి తంజావూరు శిస్తు మీదా, అక్కడి జనం మీదా తనకు 2,30,000 పౌండ్లకు పైగా రావాలన్నాడు! ఆ గొడవలోనే మద్రాసు గవర్నరు పిగట్‌ను సొంత కౌన్సిల్ వాళ్లే నిర్బంధించారు. మరుసటేడు ఆయన నిర్బంధంలోనే పోయాడు.

నవాబుకి వడ్డీకిచ్చిన తెల్లదొరలు బాకీ కింద తాలూకాల శిస్తు రాయించుకునేవాళ్లు. చివరికి ఆ భారం నాగలి పట్టినవాడి మీదే పడేది. 1801 దాకా మన నెల్లూరు, ఒంగోలు కూడా నవాబు కిందివే కదా. 1785లో ఎడ్మండ్ బర్క్ అనే సభ్యుడు బ్రిటిష్ పార్లమెంటులో ఈ అప్పుల బాగోతం బయటపెట్టాడు. బెన్‌ఫీల్డ్ 1810లో పారిస్‌లో దరిద్రంతో చచ్చాడు.

మీ ఆదివారం పేజీలో ఇలాంటివాళ్ల గురించి కూడా రాయించండి.

- ఒక రిటైర్డ్ మాస్టారు, కావలి