పాటకు రెండు వరసలూ కుదరాలి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్లలో సంగీత్ పేరుతో అవుతున్న ఖర్చుల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఖర్చుల గురించి రాసినవన్నీ నిజమే. కానీ, ఇంటివాళ్లే సరదాగా పాటలు కట్టుకుని పాడుకునే రోజులు పోయాయని చివర్లో ఒక మాట అన్నారు. మా ఇంట్లో పోలేదండీ. అది చెప్పడానికే ఈ ఉత్తరం. దాంతోపాటు ఇంకో సంగతి కూడా చెప్పాలి. అది చెప్పడం కొంచెం కష్టం, అయినా చెబుతాను.

మాది కాకినాడ. పోస్టాఫీసులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా ఇంట్లో ఎర్ర అట్ట చిట్టా పుస్తకం ఒకటి ఉంది. నాన్నగారు కొబ్బరికాయల లెక్కల కోసం కొన్నది. మొదటి పదకొండు పేజీల్లో కాయల లెక్కలుంటాయి, పన్నెండో పేజీ నుంచి పాటలు. ఇప్పటికి 43 అయ్యాయి. ప్రతి పాట మీదా తారీఖు, ఏ వరసలో పాడాలి, ఎవరి మీద కట్టాం, ఎవరెవరు కూర్చుని కట్టారు అన్నీ రాసి ఉంటాయి. మొదటి పాట మాత్రం మేం కట్టింది కాదు. మా అమ్మ మీద వియ్యాలవారు కట్టింది.

1983 మే నెలలో మా అన్నయ్య పెళ్లి. అమ్మాయిది అమలాపురం దగ్గర పల్లెటూరు. యానాం నుంచి ఎదుర్లంకకు వంతెన 2002లో గానీ రాలేదు కదా, అప్పట్లో యానాంలో బస్సు దిగి, పంటు అనే పెద్ద పడవ మీద గోదావరి గౌతమి పాయ దాటాలి. ఆ రోజు ఆటు వేళకు నీళ్లు తీసేసి, పంటు అవతలి ఒడ్డున ఇసుకలో కూరుకుపోయింది. నాలుగింటికి రేవుకు చేరినవాళ్లం ఎనిమిది దాటేదాకా అక్కడే ఉన్నాం. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే అమ్మ తన ట్రంకు పెట్టె తెరిచి జంతికల డబ్బా తీసింది. తలా రెండు పెట్టి, డబ్బా మళ్లీ లోపల పెట్టేసి, పెట్టె మీదే కూర్చుంది. పంటు ఎప్పుడొస్తుందో తెలీదు, ఉన్నవి అందరికీ సరిపోవాలి. మాకంటే ముందు చిన్న నావలో దాటిన కుర్రాడొకడు ఈ సంగతి ఆడపెళ్లివారి చెవిన వేశాడు. మేం వెళ్లి ఎదురుకోలు పానకం తాగి భోజనాల బంతిలో కూర్చునేసరికి పాట సిద్ధంగా ఉంది. అన్నయ్య అత్తగారు, ఆవిడ చెల్లెళ్లు గోడవార నిలబడి దంపుళ్ల పాట వరసలో ఎత్తుకున్నారు.

పెట్టె మీద పెట్టె పెట్టి సువ్వీ – వదినగారు
పెట్టె మీదె కూరుచుండె సువ్వీ
పెట్టెలోన ఏమి ఉంది సువ్వీ – తెరిచి చూడ
గంపెడన్ని జంతికలే సువ్వీ

బంతి అంతా గొల్లుమంది. మగపెళ్లివారిని అంతమాట అంటారా అని మా పెదనాన్న ముఖం ఎర్రబడుతోంది. అమ్మ మాత్రం తొణకలేదు. పప్పులో నెయ్యి కలుపుకుని రెండు ముద్దలు తిని, మంచినీళ్లు తాగి, కూర్చున్నచోటు నుంచే అందుకుంది.

రేవు కాడ పొద్దు గూకె సువ్వీ – పంటు రాక
ఆవురావురంటిమమ్మ సువ్వీ
జంతికలే లేకపోతె సువ్వీ – వదినగారు
పంతులుకే పస్తులమ్మ సువ్వీ

పంతులుగారు మాతోపాటే రేవులో ఉన్నారు మరి. ఆయనే అందరికంటే ముందు నవ్వారు. అన్నయ్య అత్తగారు బూరెల పళ్లెం పట్టుకుని వచ్చి, "వదినగారూ, ఈ మాటకు మీకు ఇంకో రెండు పడాల్సిందే" అని విస్తట్లో వేశారు. అంతకుముందు ఆ ఇద్దరూ పెళ్లిచూపుల్లో ఒక్కసారే కలుసుకున్నారు. లాంఛనాల దగ్గర చిన్న మాట పట్టింపు కూడా వచ్చి ఉంది. ఆ రాత్రి తర్వాత ఆ ఊసే లేదు. మా అమ్మ 2011లో పోయింది. పోయేదాకా ఆవిడ అమ్మను జంతికల వదినగారూ అనే పిలిచారు, అమ్మ ఆవిణ్ణి పంటు వదినగారూ అనేది.

అమ్మ అయిదో తరగతితోనే బడి మానేసింది. అయినా రేవుకు ఆవు, జంతికి పంతు ఎలా కుదిరాయో చూడండి. మాట ఎక్కడా తూగు తప్పలేదు. రోటి ముందు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దంచేటప్పుడు వంతు తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. ఆ దెబ్బల మధ్య మాట ఇమడ్చడం చిన్నప్పటి నుంచీ అలవాటైతే లెక్క అదే వచ్చేస్తుంది. సువ్వి అన్నచోట ఊపిరి, ఆ ఊపిరిలో తర్వాతి మాటకు వ్యవధి.

తెలుగులో వరస అంటే పాట బాణీ. వరస అంటే చుట్టరికం కూడా. ఇంట్లో కట్టుకునే నవ్వుల పాటకు ఈ రెండూ కుదరాలి. మొదటిది కుదరకపోతే పాట తేలిపోతుంది, అంతే. రెండోది కుదరకపోతే మనిషి నొచ్చుకుంటాడు. మన పెద్దవాళ్లకు ఇది బాగా తెలుసు. వేళాకోళం ఎవరితో ఆడొచ్చో వాళ్లు వరసల్లోనే పెట్టేశారు. వదినా మరదళ్లు, బావా బావమరుదులు, వియ్యపురాళ్లు, తాతా మనవలు ఒకరినొకరు ఏమన్నా చెల్లుతుంది. మామగారి మీద కోడలు పాట కట్టదు. నాన్నగారి మీద పాట కట్టాలని మా వదినకు భలే సరదాగా ఉండేది, ఆయనేమో మామగారాయె. ఏం చేసిందంటే, పదాలు తను కూర్చి పాట మా అబ్బాయికి నేర్పింది. వాడు ఆరేళ్లవాడు, తాత ఒళ్లో కూర్చుని తాత కళ్లజోడు మతిమరుపు మీద మూడు చరణాలు పాడాడు. నాన్నగారు నవ్వి నవ్వి, ఆ కళ్లజోడే తీసి కళ్లు తుడుచుకున్నారు.

స్నేహితులకూ ఇదే పద్ధతి. నాతో సార్టింగ్‌లో పనిచేసిన ఒకావిడది హన్మకొండ. బతుకమ్మ పాటలు వింటూ పెరిగిన మనిషి. ఏ మాట ఇచ్చినా చివర ఉయ్యాలో పెట్టి పాట చేసేది. మొదటి రోజుల్లో మేడమ్ అనుకున్నంత కాలం ఒక్క పాట రాలేదు. వదినా అని పిలుచుకోవడం మొదలెట్టాక లంచ్ టైమ్‌లో వారానికొకటి కట్టాం. పెద్ద కవుల్లో చూసినా అంతే. జరుక్ శాస్త్రి గారు శ్రీశ్రీ కవిత్వానికి పేరడీలు రాశారు. వాళ్లిద్దరూ మిత్రులు. ఆ చనువు లేకపోతే అవే మాటలు ఎంత గుచ్చుకునేవో అనిపిస్తుంది నాకు.

మా ఇంట్లో పాటలన్నీ ఎక్కువగా ఆవకాయ రోజునే పుట్టాయి. మగవాళ్లు కత్తిపీటల దగ్గర కాయలు కొడుతుంటే, ఆడవాళ్లం పాత చీర పరుచుకుని టెంకల్లో జీడి తీసి ముక్కలు తుడుస్తుంటాం. చేతులకు పనుంటుంది, నోరు ఖాళీ. ఎవరో ఒక ముక్క వదులుతారు, పక్కవాళ్లు దానికి ప్రాస అందిస్తారు. కుదరకపోతే అందరూ ఒక్కసారే "ఊహూఁ" అంటారు. కొన్నిసార్లు ఒక్క పంక్తి దగ్గరే గంట గడిచిపోతుంది. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న మా మేనకోడలు వీడియో కాల్‌లో కలుస్తోంది గానీ, తన గొంతు ఒక అర క్షణం ఆలస్యంగా వస్తుంది. కోరస్ కలవదు. అందుకని తనకు ఒంటరి చరణం ఇస్తాం. మనిషి ఒంటి మీద, రంగు మీద, పిల్లలు లేకపోవడం మీద, అప్పుల మీద, పరీక్ష తప్పడం మీద మేం పాట కట్టం. అలవాట్ల మీదే కడతాం. పాట ఎవరి మీదో వాళ్లకు ముందు వినిపించాకే నలుగురిలో పాడతాం.

కిందటేడు మా మనవరాలి పెళ్లికి ఈవెంట్ వాళ్లు పాట కూడా తామే రాయించి ఇస్తామన్నారు. ఒక ఫారం ఇచ్చి పేర్లు, ముద్దుపేర్లు, ఎక్కడ కలుసుకున్నారు అన్నీ నింపమన్నారు. పాట వచ్చింది. రాగం బాగుంది, మాటలూ శుభ్రంగా ఉన్నాయి. కానీ పెద్దమ్మ, మేనత్త, పిన్ని ముగ్గురూ అందులో ఆంటీలే అయిపోయారు. నవ్వాల్సిన చోట నవ్వడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. అంతకంటే చెప్పాల్సింది లేదు.

ఇప్పుడు ఆ కష్టమైన సంగతి.

మా మరిదిగారికి కరెంటు వృథా అయితే ప్రాణం ఒప్పదు. గదిలో మనుషులున్నా లేకపోయినా ఆయన చెయ్యి స్విచ్ మీదికే వెళుతుంది. ఆయన షష్టిపూర్తికి నేను, నా తోడికోడలు కలిసి పాట కట్టాం. ముత్యాలసరం అనే ఛందస్సు నడకలో, మూడు నాలుగు మాత్రల తూగు మీద. అందులో నాలుగు పంక్తులు ఇవి:

లైటు తీసెను ఫ్యాను తీసెను
టీవి తీసెను ఫ్రిజ్జు చూసెను
వదిన గారూ జరుగమంటూ
వంటగదినే ఆర్పెను

ముందే ఆయనకు వినిపించాం. ఇంకో చరణం వెయ్యండి వదినా అన్నారు. ఆ రోజు దండలతో పీటల మీద కూర్చుని ఆయన నవ్వుతుంటే భుజాలు ఎగిరిపడ్డాయి. అక్కడిదాకా అంతా బాగానే ఉంది. వచ్చినవాళ్లలో ఒక కుర్రాడు వీడియో తీసి వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాడు. పెట్టేటప్పుడు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, బాగుందనే పెట్టాడు. మర్నాటికి అది ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. మెట్ల మీద పిల్లలు ఆయన్ని చూసి "లైటు తీసెను" అని పాడటం మొదలెట్టారు. కాలనీ మీటింగులో కరెంటు బిల్లు విషయం రాగానే ఎవరో ఆయన వైపు చూసి వెక్కిరింతగా అదే పంక్తి అన్నారట. ఆయన మరి మాట్లాడకుండా ఇంటికి వచ్చేశారు. ఇరవై రోజులు పొద్దున్న వాకింగ్‌కు కూడా బయటికి రాలేదు.

ఆయన నలుగురు అన్నదమ్ముల్లో చివరివాడు. లాంతరు వెలుగులో చదువుకున్నారు. కిరసనాయిలు అయిపోతే వీధి దీపం కిందికి వెళ్లేవారు. అలా ఒక్కొక్క రూపాయి ఆదా చేసిన డబ్బుతోనే, మావారికి జబ్బు చేసిన ఏడాది మా అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు కట్టారు. ఆ మాట ఇప్పటికీ ఎవరి దగ్గరా అనరు. మా ఇంట్లో ఆ పాటకు నవ్వినవాళ్లందరికీ ఇది తెలుసు. అది తెలిసి నవ్విన నవ్వు అది. మెట్ల మీద పిల్లలకు ఏం తెలుసు? పాట బాణీ ఫోన్లో వెళ్లింది, చుట్టరికం ఇంట్లోనే ఉండిపోయింది. నేను వెళ్లి ఆయన చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "పాటలో తప్పు లేదు వదినా" అన్నారు. అప్పుడు నాకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

ఆ దసరాకు అందరం చేరినా పాట ఊసెత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. భోజనాలయ్యాక ఆయనే, "ఏం, ఈసారి ఎవరూ దొరకలేదా?" అన్నారు. మా వదిన లేచి వెళ్లి బియ్యం డబ్బా తెచ్చి మధ్యలో పెట్టింది. పద్నాలుగు ఫోన్లు అందులో పడ్డాయి, మూత పెట్టాం. పెద్దపిల్లలు కూడా అలగకుండా వేశారు. ఆ రాత్రి ఆయన నా మీద కట్టిన పాట పుస్తకంలో 42వ నంబరు. ఇప్పుడు పండగకు డబ్బా దానంతటదే మధ్యలోకి వచ్చేస్తోంది.

పైన రాసిన నాలుగు పంక్తులు మీకు పంపడానికి మరిదిగారి అనుమతి తీసుకున్నాను. తన పేరు, ఉండే ఊరు వద్దన్నారు. మిగతా చరణాలు ఇంట్లోనే ఉంచమన్నారు, ఉంచాను.

మీ పాఠకులకు నా విన్నపం ఒకటే. ఇంట్లో పాటలు కట్టండి, పాడండి, పుస్తకంలో రాసి దాచుకోండి. ఎవరి మీద కట్టారో వాళ్లు సరేననకుండా గుమ్మం దాటించకండి. మీ దగ్గరకు వీడియోలో వచ్చిన పాటను ఇంకొకరికి పంపబోయే ముందు, ఆ పాటలోని మనిషి మీకేం వరస అవుతారో ఒక్కసారి అనుకోండి.

మీకూ ఒక విన్నపం. పాత వియ్యపురాలి పాటలు, బంతి పాటలు తెలిసిన ఆడవాళ్లు ఊరూరా ఇంకా ఉన్నారు. మనుషుల పేర్లు తీసేసి, ఏ ప్రాంతంలో ఏ వరసలో పాడేవారో రాసి, మీ ఆదివారం అనుబంధంలో వారానికి ఒకటి వెయ్యండి. మా పుస్తకంలోవి ఆరు శుభ్రంగా కాపీ చేసి దీనికి జతపరుస్తున్నాను. ఇది ఇప్పుడే జరగాలి. మా అన్నయ్య అత్తగారికి 84 ఏళ్లు. మొన్న ఫోన్ చేసి, వియ్యపురాలికి తాంబూలం ఇచ్చేటప్పటి పాట చెప్పమని అడిగాను. రెండు చరణాలు గొంతెత్తి పాడారు. మూడో చరణం దగ్గర ఆగి, కాసేపు ఆలోచించి, "అది మా జంతికల వదినగారికే వచ్చమ్మా" అన్నారు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగిని,
కాకినాడ