డెల్టా పాముల విషాన్ని పరీక్షించండి: ఇద్దరు మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ఒకే ఉత్తరం ఇద్దరికీ రాస్తున్నాను. పాము కరిచిన మనిషి ఒక శాఖ ఆస్పత్రికి వెళ్తాడు, కరిచిన పాము ఇంకో శాఖ కిందికి వస్తుంది. మా కోనసీమలో ఆ మనిషీ ఆ పామూ తిరిగేది ఒకే గట్టు మీద. అందుకే మీరిద్దరూ కలిస్తే తప్ప తేలని పని ఒకటి అడుగుతున్నాను. గోదావరి డెల్టా పాముల విషాన్ని సేకరించి, మన ఆస్పత్రుల్లో ఎక్కిస్తున్న యాంటీ వీనం (పాము విషానికి విరుగుడు మందు) దాని మీద ఎంతవరకు పనిచేస్తోందో పరీక్ష చేయించండి.

ఆ మందు తాచు, కట్లపాము, పొడపాము (రక్తపింజరి), చిన్నపింజరి అనే నాలుగు పాముల విషంతో తయారవుతుంది. ఆ విషంలో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి తమిళనాడులోని ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచే వస్తోంది. 1978లో మొదలైన ఆ సంఘం దేశానికి చేసిన మేలు అంతా ఇంతా కాదు. అయితే ఒకే జాతి పామైనా ప్రాంతాన్ని బట్టి విషం మారిపోతుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు వేర్వేరు రాష్ట్రాల పాములను పరీక్షించి, కొన్నిచోట్ల విషం ఈ మందుకు సరిగా లొంగడం లేదని చూపించారు. మరి బురదలో, బోదెల పక్కన, కొబ్బరితోటల్లో పెరిగే మా పొడపాము సంగతేమిటి? డాక్టరు గారు ఎన్ని వయల్స్ ఎక్కించాలో తేల్చుకునేటప్పుడు ఆ జవాబు ఆయన చేతిలో ఉండాలి.

ఆమధ్య మా పక్క చేలో గేదెలకి గడ్డి కోస్తున్న ఒకామెను పొడపాము కరిచింది. మామూలుగా అది కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుసకొడుతుంది, ఆరోజు చప్పుడే లేదట. ఆస్పత్రికి వెంట వెళ్లిన వాళ్లలో నేనూ ఉన్నాను. కాలి వాపు తప్ప పైకి ఏమీ కనిపించలేదు. ఇలాంటప్పుడే ఒక తేలికైన పరీక్ష అక్కరకొస్తుంది. శుభ్రమైన, తడిలేని గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారిందంటే విషం రక్తంలో పనిచేస్తున్నట్టే. మిషన్లతో పని లేదు, కరెంటుతో పని లేదు. కానీ అక్కడ ప్లాస్టిక్ గొట్టాలే ఉన్నాయి, వాటిలో ఈ పరీక్షను నమ్మలేం. ఫ్రిజ్‌లో మందు ఉంది, ఇవ్వాలా వద్దా అన్న టెన్షన్‌లో పెద్దాస్పత్రికి రాసేశారు. ఆమె బతికింది, డయాలసిస్ దాకా వెళ్లి బతికింది. ప్రతి పీహెచ్‌సీలో పది గాజు గొట్టాలు పెట్టించడానికి ఏ బడ్జెట్టూ అడ్డం రాదు.

కట్లపాము కథ ఇంకా కష్టం. అది రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తే గ్యాస్ అనుకుంటారు. కనురెప్పలు వాలిపోయేసరికి ఊపిరి అందని దశకు దగ్గరపడతారు. అప్పుడు మందుతో పాటు వెంటిలేటర్ కావాలి. లంక గ్రామాల నుంచి పడవ దాటి రావాల్సిన వాళ్లకు అది ఎంత దూరమో మీకు చెప్పనక్కర్లేదు.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ మరణాల్లో సగం జూన్, సెప్టెంబర్ మధ్యవే. మాకు అవి ఊడుపుల రోజులు, వరద రోజులు. పాముకాటు కేసులను తప్పనిసరిగా నమోదు చేయించమని కేంద్రం 2024 నవంబర్‌లో రాష్ట్రాలను కోరింది. ఆ లెక్కలోకి ప్రైవేటు ఆస్పత్రులు కూడా రావాలి. ఆర్‌ఎంపీ దగ్గరికో మంత్రం వేసేవాళ్ల దగ్గరికో వెళ్లి, ఆస్పత్రి గడప తొక్కకుండానే పోయినవాళ్ల లెక్కా తీయించాలి. విషం లేని నీళ్లపాము కరిచినా మంత్రం వేయిస్తారు. మనిషికి ఏమీ కాదు, పేరు మంత్రానికి వస్తుంది. పొడపాము కరిచినప్పుడు కూడా అదే నమ్మకంతో గంటలు పోగొట్టుకుంటున్నారు.

ఇక పాముల వైపు నుంచి. భయంతో జనం జెర్రిపోతును, నీళ్లపామును కూడా కర్రతో కొట్టి చంపుతున్నారు. పొడపాము తినేది ఎక్కువగా ఎలుకలనే. మా వరిచేలను ఎలుకలు ఎంత పాడుచేస్తాయో వ్యవసాయ శాఖనడిగితే చెబుతారు. విషం తీయాలంటే పామును చంపనక్కర్లేదు. ప్రాణరక్షక మందుల కోసం విషం సేకరించడానికి అనుమతి ఇవ్వొచ్చని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 12వ సెక్షనే చెబుతోంది. అటవీ శాఖ దారి తెరిస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయం, కాకినాడ రంగరాయ వైద్య కళాశాల లాంటి సంస్థలతో ఈ పరిశోధన ఇక్కడే మొదలుపెట్టవచ్చు.

దీనికి మనుషులూ ఉన్నారు. ఫోన్ చేస్తే అర్ధరాత్రయినా బండేసుకొచ్చి పామును పట్టుకెళ్లే కుర్రాళ్లు మా మండలాల్లో ఉన్నారు. చాలామందికి శిక్షణ లేదు, సరైన హుక్కు కూడా లేదు, జరగరానిది జరిగితే ఇంటికి దిక్కు లేదు. వాళ్లకు అటవీ శాఖ గుర్తింపు కార్డు, శిక్షణ, బీమా ఇవ్వండి. పట్టిన ప్రతి పాము ఏ జాతిదో, ఏ ఊళ్లో దొరికిందో రాయించండి. ఆ వివరాలు చేతిలో ఉంటే ఏ పీహెచ్‌సీకి మందు ఎంత పంపాలో వైద్య శాఖకు ముందే తెలుస్తుంది.

నాగుల చవితి వెళ్లగానే మాకు కోతలు ఊపందుకుంటాయి. ఆలోగా రెండు శాఖల అధికారులతో అమలాపురంలో ఒక సమావేశం పెట్టించండి. తేదీ చెబితే ఆ కుర్రాళ్లను, గడ్డి కోసే ఆడవాళ్లను, కౌలు రైతులను వెంటబెట్టుకుని నేనే వస్తాను.

ఇట్లు,
కోనసీమ రైతు, సైన్సు మాస్టారు