మాట వినపడని కళాక్షేత్రానికి మళ్లీ కోట్లా?

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీల్లో మా పట్టణ కళాక్షేత్రం ఆధునికీకరణ వార్త చదివాను. కొత్త కుర్చీలు, ఏసీలు, వేదిక వెనుక గోడంతా కప్పే ఎల్‌ఈడీ తెర, ‘అత్యాధునిక సౌండ్ సిస్టమ్’ వస్తాయని రాశారు. కోట్లు ఖర్చవుతాయట. అంత వార్తలోనూ నాకు కావలసిన సంగతి ఒక్కటి కనపడలేదు. ఇవన్నీ పెట్టాక చివరి వరసలో కూర్చున్న మనిషికి మాట వినపడుతుందా, లేదా?

ఆ హాలు సంగతి ఊరందరికీ తెలిసిందే. బాల్కనీ కింద కూర్చుంటే పద్యం రాగం తెలుస్తుంది గానీ మాట తెలియదు. ముందు వరసల వాళ్లేమో చెవులు మూసుకుంటారు. నిరుడు ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం పంతులుగారి జయంతినాడు, తెలుగు నాటకరంగ దినోత్సవమని హైస్కూలు పిల్లలతో నాటిక వేయించారు. వేదిక మధ్యలో ఒకే స్టాండు మైకు. ఎవరి డైలాగు వస్తే వాళ్లు మైకు దగ్గరికి పరుగెత్తి, చెప్పి, వెనక్కి వెళ్లి నిలబడ్డారు. నెలల తరబడి నేర్చుకున్న నటన అంతా ఆ పరుగులోనే పోయింది. లైట్లు పెంచినప్పుడల్లా స్పీకర్లలో గుయ్‌మని రొద. మైకు నడిపే కుర్రాడిని వేదిక పక్క గదిలో కూర్చోబెట్టారు. ప్రేక్షకులకు ఏం వినపడుతోందో అతనికెలా తెలుస్తుంది? హాల్లోంచి ఒకాయన చేతులు ఊపి చెబితే, తలుపు సందులోంచి చూసి సరిచేసుకుంటున్నాడు. తప్పు ఆ కుర్రాడిది కాదు, అతన్ని అక్కడ కూర్చోబెట్టిన వాళ్లది. మైకుల శబ్దం పెంచి తగ్గించే మిక్సర్ బల్ల ప్రేక్షకుల మధ్యే, హాలు సగం దాటాక ఉండాలి. దానికి నాలుగు కుర్చీల చోటు నక్షాలోనే వదలాలి.

1880లో రాజమండ్రిలో తన విద్యార్థుల చేత తెలుగు నాటకం ఆడించిన మహానుభావుడి జయంతి అది. ఎస్.వి. రంగారావు గారిని నటుడిగా తీర్చిన కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు ఉన్న నేల ఇది. ఇక్కడ పిల్లలు చెప్పే తెలుగు మాట పాతిక వరసల అవతలికి చేరకపోతే బాధ కలగదా?

అసలు జబ్బు స్పీకర్లలో లేదు, గదిలో ఉంది. గోడలకు నున్నటి టైల్స్, నేలకు గ్రానైట్, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సీలింగ్. హాలు ఖాళీగా ఉన్నప్పుడు మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి, ఆ చప్పుడు ఎంతసేపు గోడ నుంచి గోడకు తిరుగుతుందో. మాటలు వినే హాల్లో శబ్దం సుమారు ఒక సెకనులో అణగాలి. కచేరీకైతే సెకనున్నర, రెండు సెకన్లు ఉన్నా చెల్లుతుంది. గది మోగుతుంటే ఎంత ఖరీదైన స్పీకరు తెచ్చినా మోత పెరుగుతుందే తప్ప మాట తేటపడదు.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1895లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి కొత్త లెక్చర్ హాల్లో మోత వల్ల పాఠం అర్థం కావడం లేదని, దాన్ని సరిచేసే పని వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన దగ్గర్లోని నాటకశాల కుర్చీల మెత్తలు రాత్రిపూట తెప్పించి పరిచి, ఎంత మెత్తకు ఎంత ప్రతిధ్వని తగ్గుతుందో కొలిచి సూత్రం కట్టాడు. ఆ సూత్రం ఆసరాతో కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో మొదలైంది. మన దేశంలోనూ ఆడిటోరియంల ధ్వని గురించి ఐఎస్ 2526 అనే ప్రమాణం 1963 నుంచీ ఉంది. 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. ఎస్టిమేట్లు వేసేవాళ్లు వీటిని ఎందుకు తెరిచి చూడరో నాకు అర్థం కాదు. శబ్దాన్ని పీల్చే పలకల కోసం దూరాభారం పోనక్కరలేదు. కొబ్బరి పీచు పలకలను నిప్పంటుకోకుండా శుద్ధి చేయించి, వెనుక కాస్త గాలి ఖాళీ వదిలి గోడకు బిగిస్తే బాగా పనిచేస్తాయి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ మన పక్కనే ఉంది.

గది బాగుపడ్డాకే పరికరాల మాట. మా హాల్లో వెనుక గోడకు తర్వాతెప్పుడో రెండు స్పీకర్లు తగిలించారు. అప్పటి నుంచి ప్రతి మాటా రెండుసార్లు వినపడుతోంది. కారణం చిన్నదే. శబ్దం సెకనుకు 340 మీటర్లు నడుస్తుంది. వేదిక నుంచి 30 మీటర్లు రావడానికి దాదాపు 90 మిల్లీసెకన్లు పడుతుంది. తీగలో వచ్చే సంకేతానికి ఆ ఆలస్యం ఉండదు. వెనుక స్పీకరును ఆ మేరకు ఆపి పలికించాలి. దానికి డిలే పెట్టే పరికరం ఉంటుంది. స్పీకర్లు కొన్నారు, ఆ సర్దుబాటు చేసేవాళ్లు లేరు. మైకుల సంగతీ అంతే. తెరిచి ఉంచిన మైకుల సంఖ్య రెట్టింపయిన కొద్దీ కూత పెట్టకుండా పెంచగలిగే శబ్దం 3 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) చొప్పున తగ్గిపోతుంది. సన్మాన సభలో ప్రతి కుర్చీ ముందూ మైకు పెట్టి అన్నీ తెరిచి వదిలేస్తే కూయక ఏం చేస్తాయి?

లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్లకూ సౌండుకూ ఒకే ఫేజు ఇవ్వడం, కరెంటు తీగలూ మైకు తీగలూ ఒకే పైపులో లాగడం వల్లే ఆ గుయ్‌మనే రొద అని నా అనుమానం. వేరు పైపులు, వేరు ఎర్తింగ్ గోడలు పూత పూయకముందే వేయాలి. ప్రారంభోత్సవానికి ముందు రోజు వేయలేరు. వానాకాలంలో నేలంతా చెమ్మెక్కే ఈ డెల్టాలో నేలలో వేసే పైపుల్లోకి నీరు దిగకుండా చూడటం మరీ ముఖ్యం.

ఎల్‌ఈడీ తెర గురించి ఒక మాట. వేదిక వెనుక దాన్ని శాశ్వతంగా బిగిస్తే నాటకం తెరలు, సెట్లు ఎక్కడ కడతారు? వెనుక నుంచి ఆ వెలుగు కొడుతుంటే నటుడి ముఖం నల్లబడిపోతుంది. దీపపు చుక్కల మధ్య దూరం 4 మిల్లీమీటర్లుంటే కనీసం 4 మీటర్ల దూరం నుంచి చూడాలి, ముందు వరసల సంగతి ఎవరైనా కొలిచారా? కావాలంటే పైకి లేపేలా పెట్టండి, లేదా అవసరమైన రోజు అద్దెకు తెచ్చుకోండి. ఆ డబ్బులో కొంత వినికిడి యంత్రాలు పెట్టుకున్న వాళ్ల కోసం ఇండక్షన్ లూప్ తీగ వేయించండి. నేల చుట్టూ వేసే ఆ తీగతో, టెలికాయిల్ (ఆ సంకేతాన్ని అందుకునే చిన్న తీగచుట్ట) ఉన్న వినికిడి యంత్రంలోకి మైకు మాట నేరుగా చేరుతుంది. హరికథలకూ పద్య నాటకాలకూ వచ్చేదే పెద్దవాళ్లు. వాళ్లకు ఈ ఒక్క సౌకర్యం గురించి ఎవరూ ఆలోచించరు.

మన దగ్గర ఏ పని చూసినా ఇదే వరస. వస్తువు కొనడానికి నిధులుంటాయి, దాన్ని నడిపే మనిషికి జీతం ఉండదు. ఏడాది వారంటీ కాగానే ప్రొజెక్టర్ లెన్సు బూజు పట్టి బీరువాలో చేరుతుంది. ఆ బీరువా తాళం చెవి బదిలీ అయిన గుమాస్తా దగ్గరుందంటారు. ఆస్పత్రి యంత్రాలూ, పాఠశాల కంప్యూటర్లూ, పార్కులో ఫౌంటెన్లూ ఇలాగే మూలపడ్డాయి. తక్కువ కోట్ చేసినవాడికి పని, స్పీకర్ల సంఖ్య లెక్కపెట్టి బిల్లు. వినపడిందా అని కొలిచి బిల్లు ఇచ్చిన దాఖలా మాత్రం నేను చూడలేదు. ఇటు నాటక పరిషత్తు పోటీలు నడిపే సమాజాల వాళ్లు ఈ హాలంటేనే భయపడి, ఫంక్షన్ హాళ్లు అద్దెకు తీసుకుంటున్నారు. లక్షల అద్దె వాళ్లెక్కడ తెస్తారు? రాత్రి పది దాటాక ఆరుబయట మైకు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. నాలుగు గోడల మధ్య ఆడిటోరియానికి వాటిలో మినహాయింపు ఉంది. నాటకానికి మిగిలిన చోటు ఇదొక్కటే.

కాబట్టి మున్సిపాలిటీ వారికి నా విన్నపం. టెండరు పిలవకముందే ధ్వని శాస్త్రం తెలిసిన నిపుణుడితో హాలు కొలిపించండి. నాటక సమాజాల వాళ్లనూ, సంగీత సభల వాళ్లనూ, మైకు సెట్ల అనుభవజ్ఞులనూ కూర్చోబెట్టి నక్షా చూపించండి. చివరి వరసలో, బాల్కనీ కింద మాట స్పష్టత కొలిచి సరిపోయిందని తేలాకే ఆఖరి బిల్లు చెల్లించాలని ఒప్పందంలో రాయండి. ఆపరేటరు జీతం, ఐదేళ్ల నిర్వహణ ఖర్చు ఎస్టిమేట్‌లోనే చూపండి.

సంపాదకుల వారూ, మీ విలేఖరి నాయకుల ఫొటోతో సరిపెట్టకుండా ఆ టెండరు పత్రం తెప్పించి, అందులో ఈ షరతులు ఉన్నాయో లేదో వచ్చే వారం మాకు తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నాటకాభిమాని,
కోనసీమ