వేలి క్లిప్పు కండరం సంగతి చెప్పదు

సంపాదకులకు,

పోలీసు ఎంపికల 1600 మీటర్ల పరుగుకు, జిల్లా జట్లకు సిద్ధమయ్యే పిల్లల వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించి, 98 కనబడగానే ‘దమ్ము బాగుంది’ అని తేల్చేయడం మా కడప మైదానాల్లో మామూలైపోయింది. ఆ అంకె ధమని రక్తంలో హిమోగ్లోబిన్ ఎంతవరకు ఆక్సిజన్‌తో నిండి ఉందో చెబుతుంది, అంతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో చాలామందికి కూర్చున్నా పరుగెత్తినా అది పెద్దగా మారదు. కండరం ఆ ఆక్సిజన్‌ను ఎంత త్వరగా వాడుకోవడం మొదలుపెట్టిందో తెలుసుకోవాలంటే కొలవాల్సింది వేరు.

పరుగు అందుకోగానే కండరానికి శక్తి అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆక్సిజన్ వాడకం మాత్రం క్రమంగా ఎక్కుతుంది. ఓ మోస్తరు వేగంలోనైనా నిలకడకు రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆలోపు అవసరాన్ని కండరంలో ముందే దాచిన ఇంధనాలైన ఫాస్ఫోక్రియాటిన్, గ్లైకోజెన్ నిల్వలు పూరిస్తాయి. ఇదే ఆక్సిజన్ లోటు. నిలకడ స్థాయికి నిమిషానికి 2 లీటర్లు అదనంగా కావాలనుకుందాం. ఆ పెరుగుదలలో 63 శాతం అందుకోవడానికి ఒకరికి 45 సెకన్లు, మరొకరికి 30 సెకన్లు పడితే మొదటివారి లోటు సుమారు లీటరున్నర, రెండోవారిది లీటరు. ఇద్దరి గరిష్ఠ సామర్థ్యం ఒకటే అయినా, మొదటివారికి ఆయాసం ముందొస్తుంది. మంచి శిక్షణతో కొన్ని వారాల్లోనే ఈ వ్యవధి తగ్గుతుంది. అందుకే ఇది కొలవదగ్గ విషయం.

ఊపిరి ద్వారా కొలిచే పద్ధతిలో మాస్కు పెట్టి, సైకిల్ ఎర్గోమీటర్‌పై (బరువును కొలిచి మార్చగల, కదలని సైకిల్) మూడు నిమిషాలు బరువు లేకుండా తొక్కించి, ఒక్కసారిగా బరువు పెంచి ఆరు నిమిషాలు కొనసాగించాలి. ముందుగా వాయు విశ్లేషణ యంత్రాన్ని తెలిసిన మిశ్రమంతో, గాలి కొలతను 3 లీటర్ల సిరంజితో సరిచూడాలి. మొదటి 15–20 సెకన్లలో కనబడే పెరుగుదల ఎక్కువగా ఊపిరితిత్తుల గుండా రక్తం జోరుగా పారడం వల్ల వచ్చేది. కండరపు లెక్క కట్టేటప్పుడు దాన్ని పక్కన పెట్టాలి. ఒక్కో ఊపిరికీ అంకె ఎగిరిపడుతుంది కనుక ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. మూడు నాలుగుసార్లు చేయించి సగటు తీయాలి.

కండరాన్నే నేరుగా చూడాలంటే నియర్ ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్ ఉంది. తొడ బయటి వైపు కండరంపై దాన్ని అతికించి 700–900 నానోమీటర్ల కాంతి పంపి, అక్కడి హిమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ ఉన్నదెంతో, వదిలేసినదెంతో గీతలుగా చూస్తారు. కాంతి వెలువడే చోటికీ పట్టే చోటికీ మధ్య 3–4 సెంటీమీటర్లుంటే, లోపలికి అందేది దాదాపు అందులో సగమే. చర్మం కింద కొవ్వు మందంగా ఉంటే కనబడేది కొవ్వే తప్ప కండరం కాదు. కాలిపర్‌తో (మందం కొలిచే పట్టుకారు) పట్టిన చర్మపు మడతలో కొవ్వు రెండు పొరలుగా వస్తుంది కాబట్టి సగం చేసి మందం చూడాలి. కొవ్వు మందంలో తేడా ఉండే అబ్బాయిల, అమ్మాయిల ఆక్సిజన్ శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడం అందుకే తప్పు. మన ఎండలో సెన్సార్‌పై నల్ల గుడ్డ చుట్టకపోతే వెలుతురు చొరబడుతుంది. చెమటకు టేపు జారుతుంది.

ఇక్కడ బోల్తా పడే చోటు ఇంకోటుంది. మొదటి పది సెకన్లపాటు ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ గీత కదలకపోవచ్చు. కండరం ఇంకా పని మొదలుపెట్టలేదని దానర్థం కాదు. వాడకం అప్పటికే పెరిగింది, రక్తం కూడా అంతే వేగంగా వచ్చి చేరుతోంది. వాడకాన్ని విడిగా కొలవాలంటే వ్యాయామం ఆపగానే తొడకు పట్టీ బిగించి, 250–300 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో 5–10 సెకన్లు రక్తాన్ని ఆపి, గీత ఎంత వాలుగా పోతుందో చూడాలి. ఇది వైద్యుల సమక్షంలోనే జరగాలి. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారికి అసలు చేయకూడదు.

యోగి వేమన విశ్వవిద్యాలయం, ప్రభుత్వ వైద్య కళాశాల, క్రీడా పాఠశాల కలిసి ఒక కొలత గదిని ఏర్పాటు చేసి జిల్లా క్రీడాకారులకు తెరవాలని కోరుతున్నాం. యంత్రంతోపాటు దాన్ని సరిచూసే మనిషి జీతానికీ నిధులు కేటాయించాలి.

ఆలోగా శిక్షకులు ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించవచ్చు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 15 గ్రాములున్న 100 మిల్లీలీటర్ల రక్తం 20 మోస్తే, 10 గ్రాములున్నది 13 మాత్రమే మోస్తుంది. వేలి క్లిప్పు మాత్రం ఇద్దరికీ 98 అనే చూపిస్తుంది.

– వ్యాయామ శరీరధర్మ శాస్త్ర అధ్యాపకులు, కడప