ఒక్కో కొట్టుకి ఒక్కో నంబరు

ఒరేయ్ మురళీ,

నీ మెసేజ్ చదివాను. రెండు ముక్కలకు మించి రాయనివాడివి అంత పొడుగు రాశావంటేనే తెలిసింది, ఒళ్లు ఎంత మండిపోయిందో. పేరు కూడా వినని కొట్టువాడెవడో నీ కార్డు మీద డబ్బు లాగడం, బ్యాంకుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అని పాట వినిపించడం, కార్డు బ్లాక్, కొత్త కార్డు కోసం ఎదురుచూపు, అది వచ్చాక ఫోన్ బిల్లు దగ్గర్నుంచి సినిమాల యాప్ దాకా కొత్త నంబరు ఎక్కించుకోవడం. డబ్బు వెనక్కి వచ్చింది, మంచిదే. ఈ తిరుగుడుకి మాత్రం ఎవడూ పరిహారం ఇవ్వడు. అంతవరకూ నీ బాధ అర్థమైంది. చివర్లో "ఇక ఆన్‌లైన్‌లో కొనడం బంద్" అని ఒట్టు పెట్టుకున్నావు చూడు, దాని గురించే ఈ ఉత్తరం. కొనడం మానక్కర్లేదు, వర్చువల్ కార్డు వాడితే చాలని చెప్పడానికి. ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డుపడతావని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

"నేనెక్కడ తప్పు చేశాన్రా" అని అడిగావు. ఎక్కడా చేసి ఉండకపోవచ్చు. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటులో జరిగింది విను. టికెట్లు కొన్నవాళ్లంతా నకిలీ సైటులో కాదు, ఆ కంపెనీ అసలు సైటులోనే కొన్నారు. అడ్రసు పక్కన తాళం గుర్తు కూడా ఉంది. కానీ ఎవరో ఆ సైటులోకి 22 లైన్ల కోడ్ దూర్చారు, అంతే. కొనేవాడు బటన్ నొక్కగానే డబ్బు కంపెనీకి వెళ్లింది, టికెట్టూ వచ్చింది. అదే క్షణంలో అతను టైపు చేసిన కార్డు వివరాలు ఇంకో కాపీగా బీఏవేస్ డాట్ కామ్ అనే, కంపెనీదేమో అనిపించే పేరున్న చోటికి వెళ్లిపోయాయి. ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 5 దాకా ఇలాగే సాగింది. కంపెనీ మొదట చెప్పిన లెక్క దాదాపు 3,80,000 చెల్లింపులు. బ్రిటన్‌లో సమాచార రక్షణ చూసే సంస్థ 2020లో 2 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు కాకపోయినా, కొన్నవాళ్లకు సంగతి తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

ఇందులో కొనేవాడి జాగ్రత్త ఏం పనికొస్తుంది చెప్పు? పాస్‌వర్డు ఎంత గట్టిదైనా ఒకటే. కార్డు మీద విడిగా ఉండే రహస్య అంకెల్ని, అంటే సీవీవీని, కొట్టువాళ్లు దాచుకోకూడదని కార్డు కంపెనీల నిబంధన ఉంది, నిజమే. కానీ ఇక్కడ దాచినది దొంగిలించలేదు, నువ్వు టైపు చేస్తుండగానే ఎత్తుకుపోయారు. కాబట్టి నంబరు ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒకచోట బయటికి పోతుందనే అనుకుని మొదలుపెట్టాలి. అప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు: పోయిన నంబరుతో వాడు ఏం చేయగలడు? నీ విషయంలో ఏమైనా చేయగలిగాడు, ఎందుకంటే అన్ని కొట్లకూ నువ్విచ్చింది ఒకే నంబరు. ఒక్కచోట కారితే మొత్తం కార్డు చెత్తబుట్టలోకి పోవాల్సి వచ్చింది.

వర్చువల్ కార్డు చేసేది ఈ ముడి విప్పడమే. నీ అసలు ఖాతా వెనకాల ఉంటుంది. దాని ముందు బ్యాంకు ఇంకో కార్డు నంబరు పుట్టిస్తుంది, దానికి సొంత గడువు తేదీ, సొంత సీవీవీ. కొట్టువాడికి కనిపించేది మామూలు కార్డే, ఏ తేడా తెలియదు. కొట్టువాడు డబ్బు అడిగినప్పుడు ఆ కబురు బ్యాంకుకి వస్తుంది, ఈ నంబరు ఫలానావాడి ఖాతాది అని బ్యాంకు లోపల చూసుకుని, నువ్వు పెట్టిన షరతులు సరిపోతే ఇస్తుంది, లేకపోతే తిప్పి పంపుతుంది. బిల్లు మాత్రం నీ క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటులోనే వస్తుంది. ఇదేదో నిన్నమొన్న పుట్టింది అనుకోకు. 2000లోనే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఒక్కసారికి మాత్రమే పనికొచ్చే నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టింది, తర్వాత ఆపేసింది. ఈ పని మీదే నడిచిన ఆర్బిస్‌కామ్ అనే ఐర్లండ్ కంపెనీని 2009లో మాస్టర్‌కార్డ్ కొనేసింది. ఇప్పుడు ఫోన్ చేతిలోనే ఉంటోంది కాబట్టి పని బాగా తేలికైంది.

ఎంత తేలికో చెబుతాను. బ్యాంకు యాప్ తెరిచి కార్డుల దగ్గరికి వెళ్తే 'వర్చువల్ కార్డు' అని ఉంటుంది. కొన్ని బ్యాంకులు దీనికి తమ సొంత పేరేదో తగిలిస్తాయి, కాస్త వెతుక్కోవాలి. నొక్కితే రెండు మూడు ప్రశ్నలు అడుగుతుంది: ఒక్కసారికా, పదే పదేనా? ఎంత లిమిట్? ఎప్పటిదాకా? నింపి సరే అంటే తెర మీద కార్డు బొమ్మ వస్తుంది. నంబరు చుక్కల వెనకాల దాగి ఉంటుంది, కన్ను గుర్తు నొక్కి వేలిముద్ర వేస్తే కనిపిస్తుంది. కాపీ చేసి కొట్టు పేజీలో పెట్టేయడమే. చేత్తో టైపు చేస్తూ ఒక అంకె తప్పు కొట్టావనుకో, బ్యాంకుని అడగకుండానే ఆ పెట్టె ఎర్రగా మారుతుంది చూడు. చివరి అంకె మిగతా అంకెలన్నిటి నుంచీ లెక్కకట్టి పెట్టిందే. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ కనిపెట్టిన లెక్క అది, 1960లో పేటెంట్ వచ్చింది.

ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, 'ఉచితంగా వర్చువల్ కార్డు నంబర్లు ఇస్తాం' అనే సైట్లు నీకు తగులుతాయి. అవి ఇచ్చేవి ఈ లెక్కకి సరిపోయే అంకెలు మాత్రమే, వెనకాల ఖాతా లేదు, డబ్బు లేదు. కొట్టులో పెడితే బ్యాంకు తిప్పి కొడుతుంది. పైగా ఆ నంబరు కోసం నీ వివరాలు అడిగే సైటు అయితే అసలు దొంగ వాడే. నీ బ్యాంకు యాప్, లేదా నువ్వు ముందునుంచీ వాడుతున్న లైసెన్సు ఉన్న సంస్థ యాప్, ఈ రెండూ తప్ప ఇంకెక్కడా వర్చువల్ కార్డు తీసుకోకు. ఎవరైనా లింకు పంపితే అసలు తెరవకు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అందరూ ఒక్కసారి వాడి పారేసే కార్డు గురించే గొప్పగా చెబుతారు. వినడానికి బాగుంటుంది కూడా. నన్నడిగితే రోజువారీ పనికి దానికంటే ఒకే కొట్టుకి కట్టేసిన కార్డు మేలు. ఎందుకంటావా? నువ్వు నాలుగు వస్తువులు ఒకేసారి ఆర్డరు చేస్తావు. కొన్ని కొట్లు వస్తువు బయల్దేరినప్పుడే దాని డబ్బు తీసుకుంటాయి. మొదటి పార్సిల్‌కి డబ్బు తీసుకోగానే ఆ ఒక్కసారి వాడే కార్డు చచ్చిపోతుంది. రెండో పార్సిల్ బయల్దేరేటప్పుడు 'మీ కార్డు చెల్లలేదు' అని మెయిల్ వస్తుంది. కొన్నిచోట్ల కార్డు నిజమైనదా కాదా అని చూడ్డానికి ముందు నామమాత్రపు మొత్తం లాగి చూస్తారు, ఆ దెబ్బకే కార్డు అయిపోవచ్చు, అసలు కొనుగోలు మిగిలిపోతుంది.

కొట్టుకి కట్టేసిన కార్డు అలా కాదు. డబ్బు అడిగే ప్రతి కొట్టుకీ కార్డు వ్యవస్థలో ఒక గుర్తింపు ఉంటుంది, డబ్బు అడిగిన ప్రతిసారీ ఆ గుర్తింపు బ్యాంకుకి చేరుతుంది. మొదటిసారి ఎక్కడ వాడావో ఆ కొట్టుకే నంబరు అతుక్కుపోతుంది. రేపు ఆ కొట్టు వాళ్ల దగ్గర్నుంచి నంబరు దొంగ చేతిలో పడిందే అనుకో, వాడు దాన్ని పట్టుకుని వేరే కొట్టుకి వెళ్తే బ్యాంకు తలుపు తీయదు. నీకు తెలియకుండానే ఆ ప్రయత్నం అక్కడే ఆగిపోతుంది, లేదా యాప్‌లో 'ఫలానా చోట తిరస్కరించాం' అని ఒక మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ చాలా విలువైనది రా. ఆ నంబరు ఇచ్చింది ఒక్కళ్లకే కదా, ఎవరి దగ్గర కారిందో వేలుపెట్టి చూపించొచ్చు. నీ పాత కార్డు నంబరు ఎక్కడ పోయిందో ఇప్పటికీ తేలలేదు చూడు. అన్ని బ్యాంకులూ ఈ కట్టేసే వీలు ఇవ్వవు. లేకపోతే, కొట్టుకో కార్డు విడిగా తీసి, తక్కువ లిమిట్ పెట్టి, వాడనప్పుడు ఫ్రీజ్ చేసుకో. అదీ పనికొస్తుంది.

లిమిట్ పెట్టేటప్పుడు పిసినారితనం వద్దు. సరుకు ధర ఎంతో సరిగ్గా అంతే పెడితే పన్నో, డెలివరీ ఖర్చో, వేరే దేశం కరెన్సీ మారకమో కలిసి కాస్త పైకి పోయి చెల్లింపు ఆగిపోతుంది.

సబ్‌స్క్రిప్షన్ల సంగతి ఇంకా బాగుంటుంది. కొత్త కార్డు వచ్చాక నువ్వు నంబరు ఎక్కించకుండానే ఒక యాప్ నెల డబ్బు తీసేసుకుందని ఆశ్చర్యపోయావు కదా. అది మాయా కాదు, మోసమూ కాదు. వీసా, మాస్టర్‌కార్డ్ రెండిటికీ ఒక సేవ ఉంది. నీ బ్యాంకు కార్డు మారిస్తే, పాత నంబరు దాచుకున్న కొట్లలో ఆ సేవలో చేరినవాటికి కొత్త వివరాలు చేరవేస్తుంది. కార్డు మారిస్తే సబ్‌స్క్రిప్షన్లన్నీ రాలిపోతాయి అనుకునేవాళ్లకు ఇది గట్టి షాక్. వర్చువల్ కార్డు ఒక్కో సబ్‌స్క్రిప్షన్‌కి ఒకటి చొప్పున పెట్టుకుంటే, ధర చెప్పాపెట్టకుండా పెంచినా లిమిట్ దగ్గర ఆగుతుంది. ఉచిత ట్రయల్ అని కార్డు అడిగేవాళ్లకు కూడా ఇదే మందు. అయితే ఒకటి, కార్డు మూసేసినంత మాత్రాన ఒప్పందం రద్దయిపోదు. వాళ్ల నిబంధనల ప్రకారం నువ్వు ఇంకా బాకీ ఉన్నట్టే లెక్క కావచ్చు. ముందు వాళ్ల దగ్గర రద్దు చేసి, ఆ మెయిల్ దాచుకుని, తర్వాత కార్డు మూసెయ్.

ఫోన్ ఆనించి డబ్బు కట్టేటప్పుడు జరిగేది కూడా ఇదేనా అని నువ్వు అడుగుతావు, నాకు తెలుసు. చుట్టమే గానీ ఒకటి కాదు. అక్కడ ఫోన్ నీ నంబరుకి బదులు టోకెన్ అనే వేరే నంబరు ఇస్తుంది, అది నీకు కనిపించదు, చేత్తో టైపు చేసేదీ కాదు. ఒక కొట్టు ఆ పద్ధతి ఒప్పుకుంటే హాయిగా అదే వాడు. నంబరు టైపు చేయక తప్పని చోటే వర్చువల్ కార్డు కావాలి.

కొన్నిచోట్ల ఇది తలనొప్పి. హోటల్ గది బుక్ చేసి అక్కడికి వెళ్తే 'ఏ కార్డుతో కట్టారో చూపించండి' అంటారు, చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. అద్దె కారుదీ అదే బాధ, పైగా వాళ్లు డిపాజిట్ కింద కొంత మొత్తం పట్టి ఉంచుతారు, నీ లిమిట్ దానికి చాలదు. ఇలాంటి చోట మారు మాట్లాడకుండా అసలు కార్డు ఇచ్చెయ్. రీఫండ్ వచ్చే అవకాశం ఉన్న కొనుగోలుకి కూడా వస్తువు నచ్చి, స్థిరపడేదాకా కార్డు మూయకు. మూసేసిన నంబరుకి వచ్చిన డబ్బుని మామూలుగా బ్యాంకు అసలు ఖాతాకి చేరుస్తుంది గానీ, ఆలస్యమైతే కస్టమర్ కేర్‌కి నంబరు చదివి వినిపించాల్సింది నువ్వే. చివరి నాలుగు అంకెలూ ఏ కొట్టుకి ఇచ్చావో ఒకచోట రాసి పెట్టుకో.

ఇదంతా విని ఇక నాకేం ఢోకా లేదు అనుకునేవు. ఎవడో బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి ఓటీపీ అడిగితే నువ్వు చెప్పేస్తే, ఏ కార్డూ ఆపలేదు. స్క్రీన్ షేర్ చేయమంటే చేసినా అంతే. అసలు సరుకే లేని దొంగ కొట్టులో వర్చువల్ కార్డుతో కొన్నా ఆ ఒక్క ఆర్డరు డబ్బు పోయినట్టే, తర్వాత బ్యాంకులో ఫిర్యాదు పెట్టి పోట్లాడాలి. లాభం ఏంటంటే అది ఒక్కసారి వాడే కార్డయినా, నువ్వు వెంటనే మూసేసినా వాడు రెండోసారి లాగలేడు. నీ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు కొట్టువాడికి ఎలాగూ తెలుస్తాయి, ఈ కార్డు వాటిని దాచదు.

అన్నీ ఒకేసారి మార్చాలని కూర్చోకు, విసుగొచ్చి వదిలేస్తావు. ముందు కార్డు దాచి పెట్టిన యాప్‌లు చూడు, వాడనివాటిలోంచి కార్డు తీసెయ్. తర్వాత నెలనెలా డబ్బు లాగే వాటికి ఒక్కోదానికి ఒక్కో వర్చువల్ కార్డు. పెద్ద కొట్లు చివర్లో చూసుకోవచ్చు. కొత్తగా చూసిన, ఎప్పుడూ కొనని చిన్న సైటు అయితే మాత్రం అప్పటికప్పుడు ఒక్కసారి వాడి పారేసే కార్డు తీసి వాడు, అక్కడ అదే సరైనది.

మీ బ్యాంకు యాప్‌లో ఆ మెనూ దొరక్కపోతే స్క్రీన్‌షాట్ తీసి పంపు, ఎక్కడుందో చెబుతాను. కార్డు నంబరు కనిపించే స్క్రీన్‌షాట్ కాదు రా బాబూ.

నీ
రవి