మూడు నిమిషాలు మాట్లాడటం నేర్పండి

సంపాదకులకు,

ఈమధ్య ఒక ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లాను. పక్క కుర్చీలో ఒకాయన నాలుగు మడతల కాగితం చేత్తో పట్టుకుని గంటసేపు ఓపిగ్గా కూర్చున్నాడు. ఆయన వంతు వచ్చింది. మైకు అందుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, "ముందువాళ్లు చెప్పిందే నాదీ" అని చతికిలబడ్డాడు. నిజానికి ముందువాళ్లు ఆ ఊసే ఎత్తలేదు. సభ అయ్యాక గేటు దగ్గర అదే మనిషి, మురుగు కాలువ వాలు ఎటుండాలో, నీళ్లు ఎక్కడ ఎదురుతన్నుతున్నాయో గాలిలో వేలితో గీసి మరీ వివరించాడు. లోపల అంత స్పష్టంగా ఒక్కరూ చెప్పలేదు. సభలో జరిగింది రాసిపెట్టే మినిట్స్‌లో మాత్రం ఆ ముక్క ఎక్కలేదు.

ఆయనకు విషయం తెలుసు. నలుగురిలో లేచి చెప్పే అలవాటే లేదు. బడిలో మనం పెట్టేది వక్తృత్వ పోటీ: ఎవరో రాసిచ్చింది బట్టీపట్టి, చెయ్యెత్తి, గొంతు పెంచి అప్పజెప్పడం. ఉపాధ్యాయురాలిగా నేనూ ఏళ్లతరబడి అదే చేయించాను, కప్పులూ ఇప్పించాను. అక్కడ ఎదురు ప్రశ్న ఉండదు, ఆ మాటవల్ల తేలే నిర్ణయమూ ఉండదు.

గాంధీజీ 1891లో లండన్‌లో వీడ్కోలు విందులో మొదటి వాక్యం దాటలేకపోయారు. బొంబాయిలో తొలి కేసుకు నోరు పెగలక కూర్చుండిపోయారు. 1893లో ప్రిటోరియాలో మాత్రం అక్కడి భారతీయుల ముందు, వ్యాపారంలో నిజాయితీ గురించి, సిద్ధపడి వెళ్లి మాట్లాడారు. అది ఎదురుగా కూర్చున్నవాళ్ల సంగతి మరి!

పిల్లలకూ వాళ్ల సంగతే ఇవ్వాలి. కుళాయి కారుతోందా? కళ్లతో చూసింది ఒకటి చెప్పు, ఎవరు ఎప్పటిలోగా ఏం చెయ్యాలో అడుగు, కూర్చో. మూడు నిమిషాలు. తర్వాత ఇంకొకరు కాదనాలి, మాట్లాడిన పిల్ల ఉడుక్కోకుండా జవాబివ్వాలి. నలుగురిలో మాట్లాడటం సాధన చేసుకోవడానికి 1924లో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో సమయం చెప్పడానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు వాడతారు. అది తెచ్చుకోవచ్చు. వక్త ఎన్నిసార్లు "ఆ... ఆ..." అన్నాడో లెక్కపెట్టే వాళ్ల పద్ధతి మాత్రం పిల్లల దగ్గర వద్దు, తెరుచుకున్న నోరు కాస్తా మూతపడుతుంది.

పెద్దవాళ్లకైతే సభకు ముందురోజు సాయంత్రం అదే హాల్లో, అదే మైకుతో ఒక గంట సాధన పెట్టించండి. స్పీకర్లో తమ గొంతు తమకే వినపడి బెదిరిపోయేవాళ్లు చాలామందే ఉంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు